సంచారి స్థాయి అయ్యే చోటు

ఇంగ్లండు రాజకుటుంబపు విండ్సర్ సేకరణలో లియొనార్డో డా వించీ గీసిన గుండె బొమ్మలున్నాయి. 1513 ప్రాంతంలో గీసిన ఒక కాగితం మీద ఎద్దు గుండెలోంచి మహాధమని బయలుదేరే చోటు కనిపిస్తుంది. కవాటపు మూడు రేకలు, ఒక్కో రేక వెనక ఒక చిన్న గుంట, ఆ గుంటలోకి మలుపు తిరిగి లోపలికి చుట్టుకుపోయే రక్తం. అచ్చులో చూసినా సరే, కన్ను అక్కడే ఆగిపోతుంది. గీత ఎక్కడా తడబడదు. వరదనీటిని, స్త్రీల జడలను గీసిన చెయ్యే ఈ సుడులనూ గీసింది. మూడింటిలోనూ వంపు ఒక్కటే. నిజానికి బతికున్న గుండెలో ఆ సుడిని కళ్లారా చూసే వీలు ఆయనకు లేదు. మైనపు అచ్చుతో గాజు నమూనా చేసి, గడ్డిగింజలు కలిపిన నీటిని అందులోంచి పంపి చూడాలని రాసుకున్నాడు. 20వ శతాబ్దంలో పరికరాలతో కొలిచినప్పుడు ఆ సుడులు ఆయన వేసిన చోటే కనిపించాయి.

అంతకు ఐదారేళ్ల ముందు, ఫ్లోరెన్స్‌లోని శాంతా మరియా నువోవా ఆసుపత్రిలో నూరేళ్ల పైబడిన ఒక ముసలాయనతో లియొనార్డో మాట్లాడాడు. నీరసం తప్ప ఒంట్లో ఏ బాధా లేదని చెప్పిన ఆ పెద్దాయన మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్నుమూశాడు. అంత సుఖమైన చావుకు కారణమేమిటో చూద్దామని లియొనార్డో ఆ దేహాన్ని కోశాడు. గుండెను పోషించే ధమని ఎండి, కుంచించుకుపోయి ఉంది. వయసు మీదపడిన కొద్దీ నాళపు గోడ మందమెక్కి దారి సన్నబడుతుందని రాసిపెట్టాడు.

అలా రక్తం తిరిగే సుడీ, నాళం సన్నబడే తీరూ ఒకే మనిషి నోటు కాగితాల్లో చేరాయి. ఆ రెంటినీ కలిపే గీత మాత్రం 20వ శతాబ్దం దాకా ఎవరూ గట్టిగా గీయలేదు. గత ఇరవయ్యేళ్లలో ఆ గీత ప్రవాహం దగ్గర మొదలై, కణం లోపలికి దిగి, జన్యువుల మీది గుర్తుల దాకా వెళ్లింది. ఇక్కడ నేను చదవబోతున్నది ఆ గీతనే, ఒక కావ్యాన్ని చదివే పద్ధతిలో. జబ్బును ఇలా చదవడమేమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. ఆసుపత్రి గోడల మీది పోస్టర్లు ధమని జబ్బును ఎప్పుడూ ఒక్క భయానక రసంలోనే చూపిస్తాయి: పసుపుపచ్చ కొవ్వు, పగిలిన గోడ, గుండె పట్టుకుని ఒరిగిపోయే మనిషి. ఆ బొమ్మ చివరి అంకానిది. మొదటి అంకంలో రక్తం కారదు, నొప్పి ఉండదు, స్కానులో ఏమీ దొరకదు. అక్కడ ఉన్నది అద్భుతం, దాని అడుగున కొంచెం కరుణ.

ముందు రంగస్థలం చూద్దాం. ధమని లోపలి ముఖమంతా ఒకే ఒక్క కణం మందం ఉన్న పొర. ఎండోథీలియం అంటారు. రక్తాన్ని నేరుగా తాకేది ధమనిలో ఇదొక్కటే. వెండి నైట్రేటుతో కణాల అంచులు నల్లగా తేలేలా చేసి మైక్రోస్కోపు కింద పెడితే, నాళం తిన్నగా సాగే చోట ఈ కణాలన్నీ సన్నగా, పొడుగ్గా, ప్రవాహం ఎటు పోతే అటు తల పెట్టి పడుకుని కనిపిస్తాయి. ఒక్క కణం కూడా అడ్డం తిరగదు. నాళం చీలే చోటికి, వంపు లోపలి పక్కకు వచ్చేసరికి ఆ వరుస చెదిరిపోతుంది. కణాలు పొట్టివై, ఏ దిక్కూ లేని బహుభుజాలుగా మిగులుతాయి. రెండు చోట్లకూ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. తల్లి ఒకటే, జన్యువులు అవే, తడిపే రక్తమూ అదే.

ఈ జబ్బులో నన్ను మొదట పట్టేసింది ఆ సంగతే. కొలెస్టరాల్, చక్కెర, పొగ, రక్తపోటు, ఈ నలుగురు నిందితులూ ఒళ్లంతా తిరుగుతారు. అయినా పూడిక ఒళ్లంతా పట్టదు. మెడ ధమని రెండుగా చీలే చోట బయటి గోడ, మహాధమని వంపు లోపలి పక్క, గుండె ధమనుల కొమ్మలు మొదలయ్యే చోట్లు, ఇవీ దానికి ఇష్టమైన స్థలాలు. ఛాతీ ఎముక వెనక దిగే లోపలి ధమనిని మాత్రం దాదాపు ముట్టుకోదు. అందుకే బైపాస్ చేసే సర్జన్లు దాన్ని తెచ్చి గుండెకు కుడతారు.

1968లో డొనాల్డ్ ఫ్రై, ప్రవాహపు రాపిడి ఎక్కువైన చోట లోపొర దెబ్బతింటుందని చెప్పాడు. మరుసటి ఏడాదే లండన్ ఇంపీరియల్ కళాశాలలో కాలిన్ కేరో బృందం దాన్ని తలకిందులు చేసింది. శవపరీక్షల్లో తొలి కొవ్వు మచ్చలు ఎక్కడెక్కడున్నాయో చూసుకుని, అవన్నీ రాపిడి తక్కువగా ఉండే చోట్లేనని నేచర్ పత్రికలో రాసింది. కాలం కేరో పక్షానే నిలిచింది. డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ మాట సులువుగా ఎక్కుతుంది: కాలువ వంపు తిరిగితే లోపలి ఒడ్డున నీరు మందగిస్తుంది, ఒండ్రు అక్కడే పడుతుంది. కానీ ఆ పోలిక సగం దూరమే వస్తుంది. కాలువ ఒడ్డుకు నీటి వేగం తెలియదు. ధమని గోడకు తెలుస్తుంది. తెలిసి, గుర్తుపెట్టుకుని, తనను తాను మార్చుకుని, దారిన పోయే తెల్లకణాన్ని ఆపి లోపలికి పిలుస్తుంది. పూడిక పైనుంచి పడేది కాదు, గోడ ఆహ్వానిస్తే వచ్చేది.

గోడకు తెలుస్తుందన్న ఎరుక ఎలా మొదలైందో చూస్తే ముచ్చటేస్తుంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు మహాధమని ముక్కల మీద పనిచేసేవాడు. ఎసిటైల్‌కోలిన్ చుక్క వేస్తే ముక్క సడలాలి, ఆయన ప్రయోగాల్లోనేమో బిగుసుకునేది. తయారీలో చెయ్యి తగిలి లోపొర రాలిపోవడమే దానికి కారణమని తేలింది. పొర ఉంటే ధమని సడలుతుంది, లేకుంటే బిగుస్తుంది. 1980లో అచ్చయిన ఆ పరిశీలన వెంట వెళ్లినవాళ్లు చివరికి నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయువు దగ్గర తేలారు. 1998 నోబెల్ ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు దీనికే. తిన్నని ప్రవాహం తడిపే కణం ఆ వాయువును ఎడతెరిపి లేకుండా తయారుచేస్తూ ఉంటుంది. అదే ప్రవాహం కేఎల్‌ఎఫ్2, కేఎల్‌ఎఫ్4 అనే రెండు ప్రోటీన్లను మేల్కొలుపుతుంది. అవి వాపు పుట్టించే జన్యువులను అణిచిపెట్టి గోడను శాంతంగా ఉంచుతాయి.

ఇక లోపలికి. దాదాపు ప్రతి కణంలో సుమారు రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. హిస్టోన్ అనే ప్రోటీన్లు ఎనిమిదేసి చొప్పున జట్టుకట్టి, ఒక్కో జట్టు చుట్టూ 147 అక్షరాల పోగు చుట్టుకుంటుంది. చుట్ట ఎక్కడ బిగిసిందో అక్కడి జన్యువు వినిపించదు, ఎక్కడ వదులైందో అక్కడిది వినిపిస్తుంది. దీనికి తోడు డీఎన్ఏ మీదే ఇంకో గుర్తు ఉంది. సి అక్షరం పక్కన జి వచ్చిన చోట, ఆ సి తలమీద ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు కూర్చుంటాయి. మిథైల్ గుర్తు అంటే అంతే. మనిషి జన్యురాశిలో ఇలాంటి సి-జి జంటలు సుమారు 2 కోట్ల 80 లక్షలు. వాటిలో నూటికి 70, 80 ఈ గుర్తును మోస్తాయి. జన్యువు మొదలయ్యే గడప దగ్గర ఈ గుర్తులు దట్టంగా పడితే సాధారణంగా ఆ జన్యువు గొంతు మూగబోతుంది.

పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. ఒకటే పద్యం, పదాలను ఒకలా విడదీస్తే రామాయణం, మరోలా విడదీస్తే భారతం. అక్షరం ఒక్కటి కదలదు. జన్యువులను గ్రంథంతో పోల్చడం విని విని విసుగెత్తినవాణ్ణి, అయినా ద్వ్యర్థి కావ్యం దగ్గర ఆగక తప్పలేదు. ధమని లోపొర కణమూ, దాని కింద పడుకున్న కండర కణమూ ఒకే పద్యాన్ని వేర్వేరుగా విడదీసుకుని బతుకుతున్నాయి. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే జన్యువు గడప లోపొర కణంలో శుభ్రంగా ఉంటుంది, కండర కణంలో మిథైల్ గుర్తులతో నిండి ఉంటుంది. 2004లో టొరంటోలో ఫిలిప్ మార్స్‌డెన్ బృందం దీన్ని చూపింది. విడదీసే పద్ధతి ఎక్కడ దాగుందో చూపించిన ఆ పని నాకు మంచి వ్యాఖ్యానంలా కనిపిస్తుంది.

గుర్తుకు వారసత్వం కూడా ఉంది. సి-జి జంటను ఎదుటి పోగులో వెనక్కి చదివినా సి-జి అనే వస్తుంది. కణం రెండయ్యేటప్పుడు పాత పోగు మీది గుర్తును చూసి కొత్త పోగు మీద అలాంటిదే వేసే ఎంజైమ్ ఉంది, డీఎన్ఎమ్‌టీ1. కొత్త చోట్ల గుర్తు వేసేవి డీఎన్ఎమ్‌టీ3ఏ, 3బీ. తుడవడానికి దారి తీసేవి టెట్ కుటుంబం. అనులోమ విలోమాలతో పద్యాలల్లిన మన చిత్రకవులకు ఈ ఏర్పాటు తెలిసి ఉంటే ఎంత మురిసిపోయేవారో. గుర్తుకు కావలసిన మిథైల్ ముక్క మనం తినే ఫోలేట్, బీ12ల దారిన వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది మిథైల్ గుర్తుల దాకా దారి తీస్తుందని ఆయన కాలానికి తెలిసే వీలు లేదు.

ఈ మొత్తం విద్యకు ఎపిజెనెటిక్స్ అని పేరు పెట్టింది కాన్రాడ్ వాడింగ్టన్, 1942లో. 1957 నాటి ఆయన పుస్తకంలో కొండవాలు మీద బంతి, కింద చీలిపోయే లోయలు ఉన్న బొమ్మ బాగా పేరుపడింది. బొమ్మ అందమైనదే. నాకు మాత్రం అందులో ఒక లోటు తోస్తుంది: లోయలు ముందే ఉన్నాయి, బంతి దొర్లుతుందంతే. ధమనిలో బంతి దొర్లడమే లోయను తవ్వుతుంది.

నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన సంచారి భావాలు 33. వస్తాయి, మెరుస్తాయి, పోతాయి. నిలిచేది స్థాయి. ధమని గోడకు కూడా రోజూ ఎన్నో సంచారులు. భోజనం తర్వాత కాసేపు చక్కెర, మెట్లెక్కితే ప్రవాహం హోరు, జ్వరంలో వాపు. వాటికి తగ్గట్టు జన్యువులు కాసేపు పలికి సద్దుమణుగుతాయి. అది ఆరోగ్యమే. వచ్చిపోవాల్సిన భావం వెళ్లేటప్పుడు ఒక గుర్తు వదిలితే, ఆ గుర్తు కణం నుంచి కణానికి దిగితే, సంచారి స్థాయి అయిపోతుంది. ధమని జబ్బు తొలిదశ అంటే నా దృష్టిలో ఇదే. ఆలంకారికుల్లో ఈ తగువు పాతది. 33 సంచారుల్లో భరతుడు మొదట లెక్కపెట్టింది నిర్వేదం. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఆ నిర్వేదాన్నే శాంతరసానికి స్థాయిగా కూర్చోబెట్టాడు. అంతకుముందే అభినవగుప్తుడు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. శాస్త్రంలో ఎవరు గెలిచినా, ధమని మాత్రం మమ్మటుడి పక్షమే.

దీన్ని ప్రయోగంలో పట్టుకున్న తీరు చూడాలి. అట్లాంటాలో హాంజూంగ్ జో బృందం ఎలుక ఎడమ మెడ ధమని కొమ్మలు నాలుగింటిలో మూడింటిని ముడివేస్తుంది. ఆ పక్క రక్తం తడబడి, మందగించి, ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెడుతుంది. కుడి పక్క యథాతథం. అదే ఎలుక, అదే తిండి, అదే రక్తం. మెడకు రెండు పక్కలా రెండు కథలు. రాఘవపాండవీయాన్ని ఇంతకన్నా బాగా రంగస్థలానికి ఎక్కించినవాళ్లు లేరనుకుంటాను. 2014లో వాళ్లు అచ్చువేసిన ఫలితం ఇది: తడబడ్డ ప్రవాహం తగిలిన పక్క డీఎన్ఎమ్‌టీ1 పెరిగింది, ఎన్నో జన్యువుల గడపల మీద మిథైల్ గుర్తులు కొత్తగా పడ్డాయి, ఆ జన్యువులు మూగబోయాయి. గుర్తులు పడకుండా ఆపే డెసిటబీన్ మందు ఇస్తే ఎలుకల్లో పూడిక తగ్గింది. దాదాపు అదే సమయంలో ఫిలడెల్ఫియాలో పీటర్ డేవిస్ బృందం పంది మహాధమనిలో వంపు దగ్గరి కణాలను చూసింది. అక్కడ కేఎల్‌ఎఫ్4 జన్యువు గడపకే గుర్తులు పట్టి ఉన్నాయి. కావలివాడి గొంతే మొదట పోయిందన్నమాట.

ప్రవాహం అంటే స్పర్శ. ఒక స్పర్శ రసాయన గుర్తుగా మారి నిలవడం, ఈ ఒక్క విషయం మీదే నేను చాలాసేపు ఆగిపోతాను. ఆ మందును మనుషుల ధమనులకు వాడేద్దామా అంటే కుదరదు. అది ఒళ్లంతా గుర్తులను చెరిపేస్తుంది. మజ్జ జబ్బులకు వాడే గట్టి మందు అది. ఒక పద్యంలో అపశబ్దం సరిచేయడానికి కావ్యమంతా చెరిపేసినట్టవుతుంది.

చక్కెర వదిలే గుర్తు ఇంకా సూక్ష్మం. మెల్‌బోర్న్‌లో అసామ్ ఎల్-ఓస్తా బృందం 2008లో మహాధమని లోపొర కణాలను 16 గంటలు ఎక్కువ చక్కెరలో ఉంచి, తర్వాత మామూలు చక్కెరకు మార్చింది. ఆరు రోజుల తర్వాత కూడా వాపును నడిపే పీ65 అనే జన్యువు గడప దగ్గర హిస్టోను మీది గుర్తు అలాగే ఉంది, జన్యువు పలుకుతూనే ఉంది. చక్కెర పోయింది, దాని సంస్కారం ఉండిపోయింది. గిన్నెలోని కణాల్లో కనిపించిన దీన్ని మధుమేహ వైద్యులు మనుషుల్లో అంతకుముందే గమనించారు. అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 రోగులతో సాగిన పెద్ద పరీక్ష 1993లో ముగిసింది. సగటున ఆరున్నరేళ్లు కట్టుదిట్టంగా చక్కెర అదుపులో ఉంచుకున్నవాళ్లు ఒక జట్టు, మామూలు వైద్యం పొందినవాళ్లు ఇంకో జట్టు. తర్వాత రెండు జట్ల చక్కెరా దాదాపు ఒకటైపోయింది. అయినా 2005లో చూస్తే మొదటి జట్టులో గుండె, రక్తనాళాల సమస్యలు 42 శాతం తక్కువ. దీన్ని జీవక్రియ జ్ఞాపకం అన్నారు. ఆ జ్ఞాపకమంతా ఈ గుర్తుల్లోనే ఉందని ఎవరూ ప్రమాణం చేయలేరు. ఒక భాగం ఇక్కడే ఉందనడానికి మాత్రం ఆధారాలు బలంగానే ఉన్నాయి.

గోడ పిలిచిందనుకుందాం, వచ్చే అతిథి సంగతేమిటి? నెదర్లాండ్స్‌లో నైమేగన్ బృందం 2014లో తెల్లకణాలకు ఆక్సీకరణ చెందిన చెడ్డ కొలెస్టరాల్‌ను కొద్దిసేపు చూపించి, కడిగేసి, రోజుల తర్వాత వేరే ప్రేరణ ఇస్తే అవి మామూలుకన్నా ఉగ్రంగా స్పందించాయి. వాటి హిస్టోన్ల మీద గుర్తులు పడి ఉన్నాయి. 2018లో బాన్ బృందం ఎలుకలకు నాలుగు వారాలు పాశ్చాత్యుల కొవ్వు తిండి పెట్టి, మళ్లీ మామూలు గింజలకు మార్చింది. రక్తంలో వాపు చల్లారింది. ఎముక మజ్జలో పుట్టే తెల్లకణాల మూలాలు మాత్రం ఆ నాలుగు వారాలను మర్చిపోలేదు. రక్తపరీక్ష నార్మల్ అని రిపోర్టు చేతిలో పెట్టుకుని నవ్వే మనందరి నవ్వులో ఎంత భాగం రిపోర్టు చదవని గుర్తులదో.

ఈ నాటకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ధమని మధ్యపొరలోనిది. అక్కడి మృదు కండర కణాలు మామూలుగా సంకోచించి సడలే పని చేస్తాయి. పూడిక మొదలయ్యాక అవి చోటు వదిలి లోపలికి పాకుతాయి, కండరపు లక్షణాలన్నీ వదిలేసుకుంటాయి, కొన్ని కొవ్వు మింగి చూడ్డానికి అచ్చం తెల్లకణాల్లాగే తయారవుతాయి. పూడికలో ఎవరు ఎవరో తెలియక దశాబ్దాల పాటు పరిశోధకులు మోసపోయారు. వర్జీనియాలో గ్యారీ ఓవెన్స్ బృందం 2013లో ఒక ఉపాయం కనిపెట్టింది. కండర కణంలో మయోసిన్ జన్యువు గడప దగ్గర హిస్టోను మీద ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. కణం కండరపు పనిని పూర్తిగా మానేసినా, ఆ జన్యువు నోరు మూసుకున్నా, గుర్తు మాత్రం చెరగదు. కోసిన పలుచని ముక్కలో, ఒక్కొక్క కణంలో, ఆ గుర్తుకు రంగు అంటించి చూపించారు. వేషం, ఆహార్యం, వాచికం అన్నీ మారినా సాత్వికం మారని నటుడు దొరికిపోయాడు. ఇంత సొగసైన గుర్తింపు ఘట్టం శాకుంతలంలో ఉంగరం దొరికిన చోట తప్ప నాకు తట్టడం లేదు.

తర్వాత 2015లో అదే బృందం చూపిన మలుపు క్షేమేంద్రుడికి నచ్చేది. లోపొరలో కావలివాడని చెప్పుకున్న కేఎల్‌ఎఫ్4, కండర కణంలో ఈ వేషం మార్పును నడిపించే సూత్రధారి. కండర కణాల్లోంచి దాన్ని తీసేస్తే పూడిక చిన్నదైంది, గట్టిపడి నిలదొక్కుకుంది. పక్కపక్కనే ఉన్న రెండు పొరల్లో ఒకే ప్రోటీను ఒకచోట రక్షకుడు, ఇంకోచోట ద్రోహి. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడు స్థానం తప్పిన నగను ఎగతాళి చేశాడు. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని వార్తలు రాసేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రసవిమర్శ అన్నాక మెచ్చుకోవడంతో సరిపోదు, నిలదీయాలి కూడా. ఈ గుర్తులు విభావాలా, అనుభావాలా? కారణమా, కార్యమా? ఎలుక మెడ ముడి కారణం వైపు వేలు చూపిస్తుంది. మనుషుల్లో చేసే అధ్యయనాలు ఎక్కువగా రక్తం మీదే. రక్తంలో రకరకాల కణాల పాళ్లు మారితే గుర్తుల సగటు మారినట్టు కనిపిస్తుంది, ఏ ఒక్క కణమూ మారకపోయినా. పొగతాగేవాళ్ల రక్తంలో ఏహెచ్‌ఆర్‌ఆర్ జన్యువు మీద మిథైల్ గుర్తులు తగ్గిపోయి ఉంటాయి. ఇది ఎంత నమ్మకమైన సూచనంటే, తాగను అని బుకాయించేవాణ్ణి కూడా పట్టిచ్చేంత. మానేసినవాళ్లలో ఏళ్లమీద మెల్లగా వెనక్కి వస్తుంది. పొగకు సాక్ష్యంగా ఇది గట్టిది. ఆ గుర్తే ధమనిని చెడగొట్టిందనడానికి మాత్రం ఇంకా చాలా కావాలి. ఈ తేడాను దాటేసి జన్యు గుర్తుల పరీక్షల పేరుతో సొమ్ము చేసుకునే వ్యాపారాన్ని చూస్తే చిరాకేస్తుంది.

గుర్తులు వేసేవాడు, చెరిపేవాడు, వాళ్లే చెడిపోతే? డెబ్బై దాటినవాళ్లలో పదిమందిలో ఒకరికి పైగా మజ్జలో ఒక మూలకణం మార్పు చెంది, దాని సంతతి రక్తంలో పెద్ద వాటా ఆక్రమిస్తుంది. ఎక్కువగా చెడే జన్యువులు ఏవి? డీఎన్ఎమ్‌టీ3ఏ, టెట్2. ఒకటి రాసేది, ఒకటి తుడిచేది. 2017లో సిద్ధార్థ జైస్వాల్ బృందం చెప్పిన ప్రకారం, ఇలాంటి సంతతి మోసేవాళ్లకు గుండె ధమని జబ్బు ముప్పు దాదాపు రెండింతలు. రాసేవాడు పోయినా, తుడిచేవాడు పోయినా ధమనికి చేటే. ఆ ఇద్దరి మధ్య ఎడతెగని తగాదాయే ఆరోగ్యమని ఇక్కడ తెలుస్తుంది.

చివరికి మొదలు ఎక్కడ? 1953లో అమెరికా సైనిక వైద్యులు కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది సైనికుల గుండెలు కోసి చూశారు. సగటు వయసు 22. నూటికి 77 మందిలో గుండె ధమనుల్లో జబ్బు కంటికి కనిపించింది. అప్పటి వైద్యలోకం ఉలిక్కిపడింది. 1997లో క్లాడియో నాపోలి ఇంకా వెనక్కి వెళ్లాడు. నెలలు నిండకుండా పోయిన గర్భస్థ శిశువుల మహాధమనుల్లో కొవ్వు చారలున్నాయి. తల్లికి కొలెస్టరాల్ ఎక్కువైతే అవి ఇంకా ఎక్కువ. ఒక్క ముద్ద తినని, ఒక్క అడుగు వేయని ధమనిలో. ఇక్కడ అద్భుతం పలచబడి కరుణ పైకి వస్తుంది.

హాలండ్‌లో 1944-45 చలికాలం కరువులో, గర్భం నిలిచే రోజుల్లో ఆకలి తిన్న తల్లుల పిల్లల్లో దాదాపు 60 ఏళ్ల తర్వాత కూడా, ఎదుగుదలను నడిపే ఐజీఎఫ్2 జన్యువు దగ్గర మిథైల్ గుర్తులు వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువగా ఉన్నాయని 2008లో బాస్ హైమన్స్ బృందం చూపింది. గర్భం తొలినెలల్లో ఆ కరువును చూసినవాళ్లలో గుండె జబ్బు ఎక్కువని వేరే అధ్యయనం చెప్పింది. మనకు దగ్గర్లో, మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో 1934 నుంచి 1954 దాకా పుట్టినవాళ్ల బరువులు రిజిస్టర్లలో మిగిలాయి. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో గుండె జబ్బు ఎక్కువని 1996లో తేలింది. పుట్టిన పిల్లల్ని తూచి అంకె రాసిన ఆ నర్సులకు తాము ఏ కావ్యానికి పీఠిక రాస్తున్నారో తెలియదు.

ఇంకో పీఠిక మన దగ్గరే రాశారు. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాలను తీసుకుంది. 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ దారిన రోజూ వండిన ఉప్మా అందింది, మిగతా 14 గ్రామాలకు అప్పటికి ఆ పథకం రాలేదు. 2003 తర్వాత సంజయ్ కిన్రా బృందం ఆ పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లింది. అప్పటికి వాళ్లు 13 నుంచి 18 ఏళ్లవాళ్లు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగ్గా ఉన్నారు, ఇన్సులిన్‌కు వాళ్ల ఒళ్లు మెరుగ్గా పలికింది, నాడి అలను పట్టి కొలిచే ధమని గట్టిదనం వాళ్లలో తక్కువగా వచ్చింది. తేడాలు చిన్నవి. ఆ ఫలితంలో కొలిచినవి ధమనుల తీరూ రక్తంలో పాళ్లూ తప్ప మిథైల్ గుర్తులు కావు. ఉప్మాకూ ధమని మెత్తదనానికీ మధ్య ఈ గుర్తులే ఉన్నాయని దాన్ని చూపించి వాదించలేను. అయినా ధమని జబ్బు మీద నాకు తెలిసిన రాతల్లో, గోడ మొదటి పాఠం నేర్చే వయసులో ఏం పెట్టాలో ఊళ్లలో పెట్టి చూసినది ఇది. ఎలుకల ప్రయోగాలన్నిటి తర్వాత కూడా నేను మళ్లీ మళ్లీ తీసి చదివే పట్టిక ఇదే.